ముక్కు బరువా, తోక బరువా?

ఈసారి ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఆర్‌సీ (రేడియో రిమోట్‌తో నడిపే) విమానాల మీదే. చాలామంది అడిగింది ఏ మోటార్ వేయాలని. మోటార్ జోలికి పోయే ముందు తూకం సంగతి చూడాలి కనుక గుంటూరు ఉత్తరాన్ని మొదట పెట్టాం. దానికి జవాబు కూడా పొడుగే.

ప్రశ్న: 5 మి.మీ. ఫోమ్‌బోర్డుతో హైవింగ్ (రెక్క బాడీ పైన ఉండే) విమానం కట్టాను. రెక్క ఈ కొస నుంచి ఆ కొసకు 100 సెం.మీ., వెడల్పు 18 సెం.మీ. ఏ2212 1000 కేవీ మోటార్, 10 అంగుళాల ప్రాప్ (ప్రొపెల్లర్), 30 ఆంపియర్ల ఈఎస్‌సీ (మోటార్ వేగాన్ని అదుపు చేసే పరికరం), 3ఎస్ 2200 (మూడు సెల్‌ల, 2200 మిల్లీ ఆంపియర్ అవర్ల) బ్యాటరీ. అన్నీ కలిపి 960 గ్రాములు. ముక్కులో చోటు చాలక బ్యాటరీని రెక్క కింద పెట్టాను. సీజీ (విమానం బరువు అటూ ఇటూ సమంగా తూగే చోటు) రెక్క ముందంచు నుంచి 8 సెం.మీ. దగ్గర వస్తోంది. చేత్తో విసరగానే ముక్కు పైకెత్తి, గాల్లో ఒక్క క్షణం ఆగి, ఎడమ పక్కకు తిరగబడి పడిపోతోంది. ఇప్పటికి మూడు ప్రాపులు పోయాయి. 1400 కేవీ మోటార్ వేస్తే లేస్తుందా?
— ఇంజినీరింగ్ విద్యార్థి, గుంటూరు

జవాబు: లేవదు. పైగా ఈఎస్‌సీ కూడా కాలిపోతుంది. తప్పు మోటార్‌ది కాదు, 8 సెంటీమీటర్లది.

మామూలు తోక ఉన్న ట్రైనర్‌కి (నేర్చుకునే విమానానికి) సీజీ రెక్క వెడల్పులో ముందంచు నుంచి 25 నుంచి 33 శాతం లోపల ఉండాలి. మీ 18 సెం.మీ. రెక్కకు అది 4.5 నుంచి 6 సెం.మీ. మధ్య. మీది 44 శాతం దగ్గరుంది. సీజీ సరిగ్గా ఉన్న విమానానికి గాలి తగిలి ముక్కు లేస్తే, పెరిగిన లిఫ్ట్ (పైకి లేపే గాలి బలం) సీజీకి వెనక పనిచేసి ముక్కును మళ్లీ దించుతుంది. మీ విమానంలో ఆ లిఫ్ట్ సీజీకి ముందు పడుతోంది. అందుకే లేచిన ముక్కు ఇంకా లేస్తుంది. మీరు స్టిక్ నొక్కేలోపు రెక్క గాలి మీద పట్టు తప్పుతుంది.

ముందు 5 సెం.మీ. దగ్గరికి తెచ్చే లెక్క చూద్దాం. 960 గ్రాముల విమానంలో సీజీ 3 సెం.మీ. ముందుకు జరగాలంటే 960 × 3 = 2880 గ్రామ్-సెంటీమీటర్లు కావాలి. 3ఎస్ 2200 బ్యాటరీ సుమారు 180 గ్రాములు ఉంటుంది. 2880ని 180తో భాగిస్తే 16. అంటే బ్యాటరీని ఉన్నచోటు నుంచి 16 సెం.మీ. ముందుకు జరిపితే చాలు, ఒక్క గ్రాము కూడా కలపనక్కర్లేదు. ముక్కు గోడ కోసి, ఈఎస్‌సీని పక్కకో కిందకో మార్చి చోటు చేయండి.

ఎంత చేసినా 12 సెం.మీ.కి మించి జరగదు అనుకుందాం. 180 × 12 = 2160. ఇంకా 720 మిగిలింది. ముక్కు కొస 5 సెం.మీ. గుర్తు నుంచి 24 సెం.మీ. ముందు ఉంటే అక్కడ 30 గ్రాముల సీసం కావాలి. గాలానికి కట్టే సీసపు గుండ్లు ఇందుకు బాగుంటాయి. అదే తోక గుర్తుకు 55 సెం.మీ. వెనక ఉంటే, అక్కడ 13 గ్రాములు తగ్గించినా ఇదే ఫలితం. 30 కలపడమా, 13 తీయడమా అంటే తీయడమే మేలు. తోకను ఒకసారి తిప్పి చూడండి. హారిజాంటల్ స్టెబిలైజర్ (తోక అడ్డ రెక్క), ఫిన్ (నిలువు రెక్క) కలిసే మూలలో గ్లూ గన్‌తో పోసిన జిగురు వేలు మందాన పేరుకుని ఉంటుంది. హింజ్ మీద రెండు పొరల టేపు, రడ్డర్ (ఫిన్ వెనక కదిలే పలక) మీద రంగు కాగితం సరేసరి. జిగురు మూలను బ్లేడుతో చెక్కి, ఫిన్‌కి ఆసరాగా రెండు వెదురు పుల్లలు ఏటవాలుగా పెడితే అంతకన్నా గట్టిగానే నిలుస్తుంది.

సీజీ చూసేటప్పుడు బ్యాటరీ, ప్రాప్ అన్నీ బిగించి ఉండాలి. రెక్క కింద రెండు పక్కలా, బాడీకి దగ్గరగా 5 సెం.మీ. దగ్గర పెన్నుతో చుక్కలు పెట్టి, రెండు చూపుడు వేళ్ల మీద ఎత్తండి. ముక్కు వెంట్రుకవాసి కిందకు ఉంటే అదే మంచిది.

ఇక రెండో తప్పు. మీ రెక్క వైశాల్యం 18 చదరపు డెసీమీటర్లు. 960ని 18తో భాగిస్తే చదరపు డెసీమీటరుకు 53 గ్రాములు. నేర్చుకునే విమానానికి 30 నుంచి 40 మధ్య ఉంటే హాయి. మీ బరువుకు గాల్లో నిలవడానికే గంటకు 34 కి.మీ. దాకా వేగం కావాలి. నిలబడి విసిరే చేతికి అది అందదు. అదే బరువుకు రెక్క 120 × 20 సెం.మీ. చేస్తే 24 డెసీమీటర్లకు 40 గ్రాములవుతుంది, కావలసిన వేగం 30కి దిగుతుంది. చూడ్డానికి తేడా కొద్దిగానే ఉన్నా నాలుగడుగులు పరుగెత్తి విసిరే చేతికి 30 అందుతుంది. కొత్త రెక్క కట్టుకోండి, బాడీ అదే ఉంచండి. అయితే కొత్త వెడల్పుకు సీజీ గుర్తు 5 నుంచి 6.5 సెం.మీ. మధ్యకు మారుతుందని మరచిపోవద్దు.

ఎడమకే ఎందుకు తిరగబడుతోందంటే, వెనక నుంచి చూస్తే ప్రాప్ కుడివైపుగా తిరుగుతుంది, దాని ఎదురుతిప్పు బాడీని ఎడమకు తోస్తుంది. వేగం ఉన్నప్పుడు తెలియదు, వేగం లేని ఆ ఒక్క క్షణంలో బయటపడుతుంది. మోటార్‌ని 2 డిగ్రీలు కుడికి, 2 డిగ్రీలు కిందకు వంచండి. కోణమానిని అక్కర్లేదు. మౌంట్ రంధ్రాల మధ్య దూరం 25 మి.మీ. ఉంటే ఒక పక్క 1 మి.మీ. వాషర్ వేస్తే 2.3 డిగ్రీలు వస్తుంది. మోటార్ ముక్కు గోడకు ముందు బిగిస్తే, ఎడమ స్క్రూల కింద వాషర్ పెడితే కుడికి, పై స్క్రూల కింద పెడితే కిందకు వంగుతుంది. చాలామంది దీన్ని తారుమారు చేస్తారు.

విసరడం కూడా ఆకాశంలోకి కాదు. ఎదురుగాలికి, నేలకు సమాంతరంగా, వందమీటర్ల అవతల ఉన్న మనిషి ఛాతీకి గురిపెట్టినట్టు విసరాలి. మొదట గడ్డి మీద మోటార్ ఆపి విసిరి చూడండి. తిన్నగా జారుతూ దిగితే సీజీ కుదిరినట్టు.

1400 కేవీ సంగతి. కేవీ అంటే బలం కాదు, ఒక వోల్టుకు లోడ్ లేకుండా తిరిగే చుట్ల సంఖ్య. అదే ప్రాప్‌ని అదే బ్యాటరీ మీద 1.4 రెట్లు వేగంగా తిప్పబోతే కావలసిన పవర్ 1.4 × 1.4 × 1.4, అంటే 2.7 రెట్లు. ఇప్పుడు 15 ఆంపియర్లు లాగుతున్నది 40 దాకా లాగాలని చూస్తుంది. మీ 30 ఆంపియర్ల ఈఎస్‌సీ ఓర్చుకోదు. 1400కి 8 అంగుళాల ప్రాప్ వేస్తారు, అది చిన్న, వడిగల విమానాలకు. మెల్లగా ఎగిరే మీ రకానికి 1000 కేవీ, 10 అంగుళాల ప్రాపే సరైన జోడీ.

ప్రశ్న: థర్మాకోల్ రెక్కకు ఫెవిక్విక్ పెడితే గుంత పడి కరిగిపోయింది. ఫెవికాల్ పెట్టి రెండు షీట్లు అతికిస్తే మూడు రోజులైనా లోపల తడే. అసలు ఏ జిగురు వాడాలి? షాపువాడు ఇచ్చిన సన్‌బోర్డు మంచిదేనా?
— కాకినాడ

జవాబు: థర్మాకోల్ అంటే పాలిస్టైరీన్. క్విక్ జిగురు, చెప్పులకు వాడే రబ్బరు జిగురు, స్ప్రే పెయింట్‌లోని థిన్నర్ మూడూ దాన్ని తినేస్తాయి. ఫోమ్‌కు పనికొచ్చే క్విక్ జిగురు హాబీ షాపుల్లో వేరే దొరుకుతుంది. ఫెవికాల్ లాంటి తెల్ల జిగురుకు ఆరడానికి గాలి కావాలి, రెండు షీట్ల మధ్య దారి మూసుకుపోతుంది. అంచులకు, కాగితం అంటించడానికి మాత్రమే దాన్ని వాడండి. వెడల్పాటి అతుకులకు 30 నిమిషాల ఎపాక్సీ పల్చగా రాయండి. గ్లూ గన్ అయితే చిన్న గన్, తక్కువ వేడి. జిగురును కొసన ఒక క్షణం ఆగనిచ్చి పెట్టండి. ఒక మాట, మే నెల ఎండలో అద్దాలు మూసిన కారులో వదిలిన విమానానికి గ్లూ గన్ అతుకులు వాటంతటవే విడిపోతాయి. మోటార్ మౌంట్‌కి మాత్రం ఎప్పుడూ ఎపాక్సీనే.

సన్‌బోర్డు అన్న పేరుతో రెండు రకాలు అమ్ముతారు. ఒకటి రెండు కాగితాల మధ్య ఫోమ్ ఉన్నది, ఇంకోటి ఫ్లెక్స్ షాపుల బోర్డులకు వాడే పీవీసీ. కొనే ముందు ఒక అడుగు చదరం ముక్క తూకం వేయించండి. 5 మి.మీ. కాగితపు ఫోమ్‌బోర్డు 50 గ్రాముల దరిదాపుల్లో ఉంటుంది. 3 మి.మీ. పీవీసీ 150 గ్రాములు తూగుతుంది, దాంతో విమానం కాదు, నేమ్‌ప్లేటే చేసుకోవచ్చు. 6 మి.మీ. డెప్రాన్ (కాగితం లేని తేలికపాటి ఫోమ్ షీటు) దొరికితే అది 20 గ్రాములే. కాకపోతే దానికి రెక్క లోపల కార్బన్ కడ్డీయో వెదురు బద్దో తప్పనిసరి.

ప్రశ్న: విశాఖ బీచ్‌లో కిలో లోపు విమానం ఎగరేసుకోవచ్చా? లైసెన్సు కావాలా?
— విశాఖపట్నం

జవాబు: మన దేశంలో వీటికి వర్తించేవి 2021 డ్రోన్ రూల్స్. 25 కిలోల లోపు ఉండి, సరదాకో చదువుకో, కంటికి కనిపించే దూరంలో ఎగరేసేదాన్ని ఆ రూల్స్ మోడల్ విమానం అంటాయి. 250 గ్రాముల వరకు నానో, 2 కిలోల వరకు మైక్రో. మైక్రోని వ్యాపారానికి కాకుండా ఎగరేస్తే పైలట్ లైసెన్సు అక్కర్లేదు. రిజిస్ట్రేషన్ నిబంధనలకు సవరణలు వస్తుంటాయి కనుక ఎగరేసే ముందు డీజీసీఏ (పౌర విమానయానాన్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ) వెబ్‌సైట్‌లో చూసుకోండి.

మీకు అసలు ఇబ్బంది చోటుతోనే. విమానాశ్రయం ప్రహరీ నుంచి 5 నుంచి 8 కి.మీ. మధ్య నేల నుంచే ఎల్లో జోన్, అనుమతి లేకుండా ఎగరేయకూడదు. 8 నుంచి 12 కి.మీ. మధ్య 200 అడుగుల వరకే పచ్చ జోన్ (అనుమతి అక్కర్లేనిది). ఆ అవతల, రెడ్ జోన్ (ఎగరేయడం నిషేధించిన చోటు) కాని చోట 400 అడుగులు. 5 కి.మీ. లోపల ఆలోచనే పెట్టుకోవద్దు. విశాఖ ఎయిర్‌పోర్టు నేవీ వారి ఐఎన్‌ఎస్ డేగా స్థావరం కూడా, ఊరి చుట్టూ రక్షణ స్థలాలు వేరే ఉన్నాయి. ప్రభుత్వ డిజిటల్ స్కై పోర్టల్‌లోని జోన్ల మ్యాప్ చూడకుండా బ్యాటరీ తగిలించకండి. హైదరాబాద్ వారికీ ఇదే మాట. శంషాబాద్ ఒక్కటే కాదు, బేగంపేట, హకీంపేట, దుండిగల్ కూడా ఉన్నాయి.

బీచ్ ఇంకో కారణానికీ వద్దు. ఇసుక రేణువు మోటార్ అయస్కాంతాల మధ్య దూరితే బయటకు రాదు, ఉప్పుగాలి సర్వో (తోక, రెక్క పలకలను కదిపే చిన్న మోటార్) గేర్లకు, ఈఎస్‌సీ సోల్డర్‌కు పడదు. పదకొండు దాటితే సముద్రగాలి మొదలవుతుంది. మీటరు రెక్క ఫోమ్ విమానానికి గంటకు 12 కి.మీ. గాలి దాటితే ఎగరేసే సరదా పోయి తరుముకునే పని మొదలవుతుంది. ఊరికి దూరంగా, పంట కోసిన పొలంలో, తెల్లవారి ఆరు నుంచి ఎనిమిది లోపు వెళ్లండి.

ప్రశ్న: మోటార్ స్పీడు పెంచగానే సర్వోలన్నీ వణుకుతున్నాయి. ఒకసారి గాల్లో రెండు క్షణాలు కంట్రోల్ పోయి తిరిగి వచ్చింది. రిసీవర్ మార్చాలా?
— నెల్లూరు

జవాబు: మార్చకముందు ఒక పరీక్ష. ప్రాప్ తీసేసి, మోటార్ ఆపి ఉంచి, నాలుగు సర్వోలనూ ఒకేసారి గిరగిర ఆడించండి. అప్పుడూ వణికితే రిసీవర్‌కు అందే కరెంటు చాలడం లేదు. ఈఎస్‌సీలోని బీఈసీ (బ్యాటరీ వోల్టులను తగ్గించి రిసీవర్‌కు, సర్వోలకు ఇచ్చే భాగం) చాలా వాటిలో లీనియర్ రకం. 12.6 వోల్టులను 5కి దించి, మిగిలిన 7.6ని వేడిగా వదిలేస్తుంది. ఒక ఆంపియర్ లాగితే 7.6 వాట్ల వేడి. 9 గ్రాముల సర్వో ఇరుక్కుంటే ఒక్కోటి 0.7 ఆంపియర్ దాకా లాగుతుంది. నాలుగూ ఇరుక్కుంటే 2.8. వేడెక్కిన బీఈసీ క్షణంపాటు ఆగుతుంది, రిసీవర్ ఆరి మళ్లీ వెలుగుతుంది. గాల్లో మీకు జరిగింది బహుశా ఇదే.

3 ఆంపియర్ల స్విచింగ్ యూబీఈసీ (వేడి తక్కువ చేసే విడి బీఈసీ) ఒకటి విడిగా వేసి, ఈఎస్‌సీ నుంచి రిసీవర్‌కు వచ్చే మూడు తీగల్లో ఎర్ర తీగను కనెక్టర్ నుంచి ఊడదీసి టేపు చుట్టండి. తీగ కోయకండి, తర్వాత కావాల్సి రావచ్చు. ఊరకున్నప్పుడు కూడా ఏ సర్వో అయినా సన్నగా గుయ్యిమంటుంటే పుష్‌రాడ్ (సర్వో నుంచి పలకను కదిపే కడ్డీ) ఎక్కడో ఒరుసుకుంటోంది. హార్న్ (పలక మీది కొక్కెం) నుంచి రాడ్ విప్పి, ఎలివేటర్‌ను (తోక అడ్డ రెక్క వెనక కదిలే పలకను) వేలితో ఆడించి చూడండి. తలుపులా వదులుగా ఆడాలి.

సర్వోలు ఆడించినప్పుడు బాగానే ఉండి, దూరం వెళ్తేనే వణుకు వస్తే అది యాంటెన్నా సంగతి. 2.4 గిగాహెర్ట్జ్ రిసీవర్ తీగ చివర పైకవచం లేని 31 మి.మీ. ముక్కే అసలు యాంటెన్నా. దాన్ని కార్బన్ కడ్డీకి, బ్యాటరీకి ఆనించకుండా, రెండుంటే ఒకదానికొకటి అడ్డంగా అంటించండి. ట్రాన్స్‌మిటర్‌లో (చేతిలోని రిమోట్‌లో) రేంజ్ చెక్ (సిగ్నల్ బలం తగ్గించి చూసే పరీక్ష) పెట్టి 30 అడుగులేసి, మోటార్ సగం మీద తిరుగుతుండగా ఎవరినైనా విమానం పట్టుకుని నిలబడమనండి. వాళ్లు ప్రాప్ వెనకే ఉండాలి. 10 అంగుళాల ప్రాప్ నిమిషానికి 8000 చుట్లు తిరిగితే దాని కొస గంటకు 380 కి.మీ. వేగంతో పోతుంది.

చివరగా ఫెయిల్‌సేఫ్, అంటే సిగ్నల్ పోతే మోటార్ ఆగే ఏర్పాటు. ప్రాప్ తీసి, మోటార్ తిరుగుతుండగా ట్రాన్స్‌మిటర్ ఆపేయండి. మోటార్ ఆగాలి. ఆగకపోతే ఈ వారం ఎగరేయొద్దు, సెట్ చేసుకుని రండి.

ప్రశ్న: మూడు నెలలకే లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ ఉబ్బింది. వాడొచ్చా? పారేయాలంటే ఎలా? పదిహేను నిమిషాలు ఎగరేసేవాణ్ణి.
— వరంగల్

జవాబు: వాడొద్దు. ఉబ్బింది లోపలి ద్రవం విడిపోయి గ్యాస్ అయినందువల్ల. తూట్లు పొడిచి గ్యాస్ తీద్దామన్న ఆలోచన అసలు వద్దు, భగ్గుమంటుంది.

పదిహేను నిమిషాలే దాన్ని చంపింది. 2200 బ్యాటరీలో 80 శాతమే వాడాలి, అంటే 1760 మిల్లీ ఆంపియర్ అవర్లు. సగటున 15 ఆంపియర్లు లాగే విమానానికి అది 7 నిమిషాలు, మెల్లగా తిరిగితే పదో పన్నెండో. ట్రాన్స్‌మిటర్ టైమర్ మొదట 6 నిమిషాలకు పెట్టండి. దిగాక చార్జర్ ఎంత నింపిందో చూడండి. 1300 నింపితే ఒక నిమిషం పెంచుకోండి, 1900 నింపితే తగ్గించండి. అంతకన్నా నమ్మకమైన కొలత లేదు. దిగి పది నిమిషాలాగి కొలిస్తే సెల్‌కు 3.7 వోల్టులకు తగ్గకూడదు. ఈఎస్‌సీ కట్ చేసేదాకా ఎగరేయడం బ్యాటరీకి హానే, చాలా ఈఎస్‌సీలు బాగా కిందకు పడ్డాకే కట్ చేస్తాయి.

చార్జింగ్ 1సీ వద్ద, అంటే 2.2 ఆంపియర్లు, ఎప్పుడూ బ్యాలెన్స్ తీగ (సెల్‌లన్నిటినీ సమంగా నింపేది) తగిలించి. సెల్ 4.20 దాటకూడదు. రెండు రోజులకు మించి ఎగరేయకపోతే సెల్‌కు 3.80 నుంచి 3.85 దగ్గర స్టోరేజీలో పెట్టండి. వారంపాటు నిండుగా బీరువాలో ఉంచిన బ్యాటరీ కూడా ఉబ్బుతుంది, అందులో మన ఎండాకాలం. పూర్తిగా బ్యాలెన్స్ చేశాక కూడా ఒక సెల్ మిగతావాటికి 0.1 వోల్టు తేడాగా ఉంటే ఆ బ్యాటరీ పని అయిపోయినట్టే. సిమెంటు నేల మీద, పరుపులకు పరదాలకు దూరంగా, మనిషి మెలకువగా ఉన్నప్పుడే చార్జ్ చేయాలి.

పారేయడానికి ముందు ఖాళీ చేయాలి. కారుకు వాడే 12 వోల్టుల 21 వాట్ల బల్బుకు తీగలు సోల్డర్ చేసి, ఆరుబయట ఇటుకల మధ్య బ్యాటరీని పెట్టి తగిలించండి. బల్బు ఆరిపోయాక కూడా ఒక రాత్రి అలాగే వదిలేసి, మర్నాడు వోల్టులు సున్నా దగ్గర ఉంటే మొనలకు టేపు చుట్టి ఈ-వేస్ట్ తీసుకునే చోట ఇవ్వండి. ఉప్పునీళ్ల బకెట్‌లో వేయమని చెప్పేవారున్నారు. మొనలు ముందే తుప్పుపట్టి తెగిపోతాయి, లోపల చార్జి అలాగే మిగులుతుంది. అది ఖాళీ అయిందనుకుని పట్టుకోవడం ప్రమాదం.

ప్రశ్న: జనవరిలో చక్కగా ఎక్కిన విమానం మే నెలలో ఎక్కనంటోంది. వేడికి గాలి పల్చబడటం వల్లేనా?
— రామగుండం

జవాబు: కొంతే. 25 డిగ్రీలతో పోలిస్తే 42 డిగ్రీల దగ్గర గాలి సాంద్రత 5 శాతం పైన తగ్గుతుంది. సముద్రమట్టం నుంచి హైదరాబాద్ ఎత్తుకు వచ్చినా సుమారు అంతే తగ్గుతుంది, అక్కడ విమానాలు ఎగురుతూనే ఉన్నాయిగా. మీది ఈఎస్‌సీ వేడెక్కి తానే పవర్ తగ్గిస్తుండొచ్చు. దిగగానే మోటార్ మీద వేలు పెట్టండి. మూడు క్షణాలు ఉంచలేకపోతే ప్రాప్ ఒక అంగుళం తగ్గించండి. ఫోమ్ లోపల పాతిపెట్టిన ఈఎస్‌సీని బయటి గాలిలోకి తీయండి. ముక్కులో గాలి వచ్చే రంధ్రం ఎంతుందో, వెనక పోయే రంధ్రం దానికి రెండింతలుండాలి. చాలామంది ముందు రంధ్రం చేసి వెనకది మరచిపోతారు.

ప్రశ్న: మా అబ్బాయి తొమ్మిదో తరగతి. విమానం కావాలని ఒకటే గోల. కొనివ్వడమా, కట్టించడమా?
— ఒక తండ్రి, అనంతపురం

జవాబు: ఈ ఆదివారం థర్మాకోల్ ప్లేటుతో 40 సెం.మీ. గ్లైడర్ ఒకటి కోయించండి. ముక్కుకు రూపాయి బిళ్ల టేపుతో అంటించి, బిళ్లను అర అంగుళం ముందుకూ వెనక్కూ జరుపుతూ విసరమనండి. గుంటూరు విద్యార్థి మూడు ప్రాపులు పోగొట్టుకుని తెలుసుకున్నది మీ వాడికి ఒక రూపాయితో తెలుస్తుంది.

తర్వాత కొనాల్సింది విమానం కాదు, ట్రాన్స్‌మిటర్. యూఎస్‌బీ తీగతో కంప్యూటర్‌లో సిమ్యులేటర్‌కు తగిలేది తీసుకోండి. మోడ్ 1, మోడ్ 2 అని రెండు రకాలు. మోడ్ 2లో థ్రాటిల్ ఎడమ చేతికి, మోడ్ 1లో కుడి చేతికి. మీ ఊళ్లో నేర్పేవారు ఏది వాడితే అదే కొనండి, తర్వాత చేతులు మార్చుకోవడం చాలా కష్టం. సిమ్యులేటర్ మీద పది గంటలు గడిచాక, వరసగా ఇరవైసార్లు చెదరకుండా దింపగలిగితే విమానం కట్టించండి.

అందరూ తడబడేది విమానం మనవైపు వస్తున్నప్పుడు. కుడి ఎడమ తారుమారైనట్టుంటుంది. అప్పుడు ఆలోచించకుండా, ఏ రెక్క కిందకు వాలిందో స్టిక్‌ను ఆ పక్కకే నొక్కాలి. వాలిన రెక్కకు స్టిక్ ఆసరా పెడుతున్నట్టు. మొదటి ఎగురుళ్లకు ఎలివేటర్, ఎయిలరాన్ (రెక్క వెనకంచున కదిలే పలక) పైకి 8 మి.మీ., కిందకు 8 మి.మీ. కదిలితే చాలు, ఎక్స్‌పో (స్టిక్ మధ్యలో కదలికను మెత్తబరిచే సెట్టింగ్) 30 శాతం. కొబ్బరిచెట్టుకు రెండింతల ఎత్తులో తిప్పమనండి, తప్పు చేసినా సరిదిద్దుకునే చోటుంటుంది. ప్రతిసారీ ఎగరేసే ముందు విమానం వెనక నిలబడి చూడాలి. స్టిక్ కుడికి తోస్తే కుడి ఎయిలరాన్ పైకి లేవాలి, వెనక్కి లాగితే ఎలివేటర్ పైకి లేవాలి.

ప్రశ్న: నేనూ, నా స్నేహితుడూ గరాజ్‌లో ఆర్‌వీ (మనిషి ఎక్కే విమానాన్ని ఇంట్లోనే కట్టుకునే) కిట్ తోక భాగంతో మొదలుపెట్టాం. 3/32 అంగుళాల రివెట్లలో కొన్ని పక్కకు వంగుతున్నాయి, కొన్నిటి తల మీద నెలవంక గీత పడుతోంది. అన్నీ తీసేయాలా? 51 శాతం రూల్ గురించి కూడా చెప్పండి.
— డాలస్, టెక్సస్

జవాబు: అవి రెండూ వేరువేరు తప్పులు. వంగడానికి కారణం రివెట్ పొడుగవడమో, బకింగ్ బార్ (రివెట్ వెనక ఆసరాగా పట్టే ఇనుప దిమ్మ) వాలడమో. రివెట్ పొడవు అంటే రేకుల మందానికి రివెట్ వ్యాసం ఒకటిన్నర రెట్లు కలపాలి. 0.040, 0.032 అంగుళాల రేకులు రెండు కలిపి 0.072. 3/32 రివెట్‌కు ఒకటిన్నర రెట్లు 0.141. మొత్తం 0.213. కాబట్టి 7/32, అంటే పదహారో వంతు అంగుళాల లెక్కలో -3.5 రివెట్ కావాలి. డబ్బాలో చేతికందిన -4 వేస్తే వంగక ఏంచేస్తుంది. అణిగాక షాప్ హెడ్ (వెనక అణిగి ఏర్పడే తల) వెడల్పు వ్యాసానికి ఒకటిన్నర రెట్లు, ఎత్తు సగం ఉండాలి. కంటి అంచనా వద్దు, గేజ్ కొనుక్కోండి. స్క్వీజర్ (రివెట్‌ను నొక్కి అణిచే పనిముట్టు) అందే అంచుల్లో గన్ వాడకండి.

నెలవంక గీత గుండ్రటి తల మీద సెట్ (గన్ కొసన తలను కొట్టే ముక్క) జారినందువల్ల వచ్చింది. ట్రిగ్గర్ నొక్కేముందే గన్‌ను గట్టిగా ఒత్తి పట్టాలి. గాలి ఒత్తిడి 35 నుంచి 40 పీఎస్‌ఐ చాలు. సెట్ మీద మాస్కింగ్ టేపు ఒక పొర వేస్తే జారదు. అలాగని బాగా తగ్గించి చాలాసేపు కొడితే రివెట్ బిగుసుకుపోయి అణగడం మానేస్తుంది.

అన్నీ తీయొద్దు. గీత తల మీదే ఉండి రేకుకు దెబ్బ తగలకపోతే వదిలేయొచ్చు. రేకు నొక్కుకుపోయినా, తల కింద సందు కనిపించినా, షాప్ హెడ్ గేజ్‌కు అందనంతగా పక్కకు మడతపడినా తీయండి. తల మధ్య గుంటలో నంబరు 40 డ్రిల్‌ను చేత్తో తిప్పి గుర్తు చేసుకుని, తల లోతు వరకే తొలిచి, పిన్ పంచ్‌తో తలను విరవండి. కాండాన్ని వెనక నుంచి రేకుకు ఆసరా పెట్టి కొట్టాలి. ఇక్కడ తొందరపడితే రంధ్రం కోడిగుడ్డులా సాగుతుంది. దానికి పెద్ద రివెట్ వేయాలి, అంచుకు దూరం చాలదు, అలా ఒక పాడు రివెట్ రిబ్ మార్చేదాకా తీసుకెళ్తుంది. ఈ పని ముందు పారేసే రేకు మీద ఇరవై రివెట్లు వేసి, ఇరవై తీసి సాధన చేయండి.

51 శాతం అంటే ఖర్చులో కాదు, పనిలో. విమానం తయారీలో సగానికి పైగా పని చదువుకో సరదాకో కట్టుకునే మీరే చేయాలి, డబ్బిచ్చి చేయించినది మీ లెక్కలోకి రాదు. ఎఫ్‌ఏఏ (అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ) పరిశీలించిన కిట్ల జాబితాలో మీ కిట్ ఉంటే కిట్ వైపు పేచీ ఉండదు. మీరిద్దరూ పని చేస్తున్న ఫొటోలు, తేదీ, గంటలు లాగ్‌లో రాసుకోండి. మొహాలు కనిపించే ఫొటోలు కావాలి, రేకుల ఫొటోలు కాదు. కట్టాక పరీక్షా దశ ఉంటుంది. సర్టిఫై అయిన ఇంజిన్, ప్రొపెల్లర్ జోడీ అయితే మామూలుగా 25 గంటలు, కాకపోతే 40. ఆ దశలో ఊరికే తిప్పి చూపడానికి ఎవరినీ ఎక్కించుకోకూడదు. రిపేర్‌మన్ సర్టిఫికెట్ మీ ఇద్దరిలో ఒకరికే వస్తుంది. ఏటా చేసే కండిషన్ ఇన్‌స్పెక్షన్ మీద ఆ సర్టిఫికెట్‌తో సంతకం పెట్టేది ఆ ఒక్కరే, కాకపోతే ఎఫ్‌ఏఏ లైసెన్సున్న మెకానిక్ పెట్టొచ్చు. ఎవరో ఇప్పుడే తేల్చుకోండి.

ప్రశ్న: పారామోటార్ ఇంజిన్ దొరికింది. ఇనుప పైపులతో ఒక మనిషి కూర్చునే విమానం వెల్డింగ్ చేయిద్దామనుకుంటున్నా. సలహా?
— నిజామాబాద్

జవాబు: వద్దు. మనిషి ఎక్కేది ఏదైనా మన దేశంలో డీజీసీఏ రిజిస్ట్రేషన్, అనుమతి లేకుండా లేవకూడదు. అది కాగితం సంగతి. నీళ్ల పైపు మందం, వెల్డింగ్ పక్కన లోహం పెళుసెక్కడం మీ చేతిలో లేని సంగతులు. అదే డిజైన్‌ను నాలుగో వంతు కొలతలో ఆర్‌సీగా కట్టి ఎగరేయండి. అది ఎన్నిసార్లు పడుతుందో లెక్కపెట్టుకోండి.

ప్రశ్న: గద్దలు మా విమానం మీదకు దూకుతున్నాయి. ఏం చేయాలి?
— హైదరాబాద్

జవాబు: దింపేయండి. తరిమితే అవి ఇంకా వస్తాయి, ప్రాప్ తగిలితే పక్షి చస్తుంది, ఫోమ్ రెక్క కూడా దక్కదు. గూడున్న చెట్టుకు దగ్గరైతే చోటు మార్చండి. సంక్రాంతికి ముందూ వెనకా పది రోజులు ఎలాగూ ఆపేయండి. గాల్లో వేలాడే మాంజా కంటికి కనపడదు, ప్రాప్ షాఫ్ట్‌కు చుట్టుకున్నాకే తెలుస్తుంది. చుట్టుకుంటే మోటార్ విప్పి, బేరింగ్ వెనక దూరిన దారం కొసను పట్టకారుతో పూర్తిగా లాగేదాకా మళ్లీ తిప్పకండి.